పి.డబ్ల్యు. రెండు

గోల్నాకలో ఒక గోడ.
తొమ్మిదంగుళాల మందం, ముప్పై ఒక్క అడుగుల పొడుగు.
అవతల నర్సుబాయి, ఇవతల మాణిక్‌ప్రభు.
పక్కనే ఎవరిదో తేలని నాలుగడుగుల సందు,
సందులో పూడిపోయిన చేదబాయి.
దావా పడ్డ ఏడు నేను
సిటీ సివిల్ కోర్టులో కొత్త స్టెనోని.
సాక్ష్యం దాకా వచ్చేసరికి
నా కళ్లద్దాలు రెండుసార్లు మారాయి.

వాది తరఫు రెండో సాక్షి, మేస్త్రి గుండ్ల సాయిలు.
చెప్పులు బోను బయటే విడిచి ఎక్కాడు.
విడవమని ఎవరూ అనలేదు.

గోడ ఎవరు కట్టారు?
నేనే సార్.
ఏ సంవత్సరం?

సాయిలు కుడి అరచెయ్యి చూసుకున్నాడు.
ఫ్యాను మూడుసార్లు కిర్రుమంది.
బెంచి క్లర్కు దగ్గు ఆపుకున్నాడు.
సున్నం తినేసిన గీతల్లో వెతికి వెతికి,
"మూసీ నీళ్లు గల్లీలకెక్కిన ఏడు సార్.
మా పెద్దబిడ్డ కడుపుల ఉండె.
బాయి ఈ అమ్మ దిక్కే ఉండె,
మాలు కలుపనీకి నీళ్లు గండ్లకెల్లే చేదుకున్నం."

జడ్జిగారు కళ్లజోడు తీసి
ఆ మనిషినే కాసేపు చూశారు.
తర్వాత నాకేసి తిరిగి చెప్పారు:
గోడ నేనే కట్టాను. సంవత్సరం గుర్తులేదు.
బావి వాది వైపు ఉండేది.
సాయిలు వరద, సాయిలు బిడ్డ,
మూడు పొట్టి ఇంగ్లిషు వాక్యాల్లో ఎక్కడా పట్టలేదు.
నేను కొట్టాను. నా వేళ్లు చాలా వేగం,
ఆ వేగానికే ఉద్యోగం ఇచ్చారు.
సాయిలు చదవకుండానే సంతకం చేశాడు.

నర్సుబాయి గెలిచింది.
ఈ సాక్షిని స్వయంగా చూశాను, నమ్ముతున్నాను
అని తీర్పులో రాశారు. అదీ నేనే కొట్టాను.

అప్పీలు రెండంతస్తులు పైన.
అక్కడి జడ్జిగారు సాయిలును చూడలేదు.
చూద్దామన్నా సాయిలు పోయి అప్పటికి ఏడాదిన్నర.
సంవత్సరమే గుర్తులేని సాక్షికి
బావి ఎటుందో ఎలా గుర్తుంటుంది?
డిక్రీ తిరగబడింది.
తర్కంలో తప్పేమీ లేదు. నాలుగుసార్లు చదివాను.
తప్పు ఉంటే నేను కొట్టిన పేజీలోనే ఉండాలి,
పదకొండో పేజీ, కింది నుంచి ఆరో లైను.

రెండో అప్పీలు హైకోర్టులో, మూసీ ఒడ్డున.
సెలవు పెట్టి వెళ్లాను, ఇంట్లో చెప్పలేదు.
వాస్తవాల్లోకి మేం పోం,
చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఏదైనా ఉందా?
జూనియర్ వకీలు పేజీలు తిప్పాడు, మళ్లీ తిప్పాడు.
నాలుగు నిమిషాలు.
కిటికీలోంచి మురుగు వాసన. నది అట్లనే పోతోంది
ఏ సంవత్సరమూ తనకు గుర్తులేనట్టు.

వరండాలో నర్సుబాయి అడిగింది:
"గోడ చూడనీకి ఎవరన్న వస్తరా బిడ్డా?"
"ఇక్కడ గోడలు చూడరమ్మా" అన్నాడు జూనియర్.
ఆమె తలూపింది, అర్థమైనట్టు.
అర్థం కాలేదు. నాకు తెలుసు.

నేను చట్టాన్ని తిట్టను.
మెట్లు ఎక్కడో ఒకచోట అయిపోవాలి,
లేకపోతే ఈ నగరంలో ప్రతి గోడా
రోజూ కూలి రోజూ లేస్తుంది.
కానీ ఇన్నేళ్లకు తెలిసింది
పైకి ఎక్కేది కాగితమే అని.
చూపు కింది కోర్టులోనే
ఆ కిర్రుమనే ఫ్యాను కిందే ఉండిపోతుంది.
వదిలేసిన మాట మీద అప్పీలుకు
ఫారం లేదు, కోర్టు ఫీజు లేదు, గడువూ లేదు.

ఇప్పుడు కంప్యూటరు.
సాక్షి ఆగిన ప్రతిచోటా
ఒకటి కొట్టాల్సిన ఖాళీ రెండు కొడుతున్నాను.
కొత్త జడ్జిగారు మొన్న వేలు పెట్టి చూపించారు:
ఇదేంటి, ఇక్కడ తప్పు పడింది?

పడింది సార్, అన్నాను.
దిద్దలేదు.